నడిమి అట్టు

చుయ్!

ముందుగా ఆ చప్పుడుకి దణ్ణం. పెనం కాలిందో లేదో చూద్దామని తడి చేత్తో నాలుగు చుక్కలు విదిలిస్తే, అవి పాదరసంలా దొర్లి, గంతులేసి, కనుమరుగవుతాయి. వేడి మరీ ఎక్కువైతే ఇంకాసిని నీళ్ళు చల్లి గుడ్డతో తుడవాలి, అప్పుడు పెనం దారికొస్తుంది. సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో అద్ది రాస్తే నల్లటి ఇనుము నిగనిగలాడుతుంది. అప్పుడు పడుతుంది గరిటెడు పిండి, నట్టనడుమ. గరిటె అడుగు దాని మీద ఆనీ ఆననట్టు ఆని, లోపల్నుంచి బయటికి చుట్టు మీద చుట్టు తిరుగుతుంది. ముద్దగా పడింది కాస్తా వలయాలు వలయాలుగా విచ్చుకుంటుంది.

చుయ్! మంచం మీద దుప్పటి ముసుగు కదులుతుంది. ఎక్కాల పుస్తకం ముందు కునికే పిల్ల తలెత్తుతుంది. అరుగు మీద పేపరులో మునిగిన పెద్దాయన కళ్ళజోడు తీస్తాడు. ఎవరినీ ఎవరూ పిలవలేదు. అందరూ వంటింటి గుమ్మంలోనే ఉన్నారు.

అట్టూ, నీ పేరు చెప్పుకుని రెండు మాటలు రాద్దామని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. రాద్దామనుకున్నప్పుడల్లా నువ్వు పెనం మీద ఉంటావు. నిన్ను తినకుండా రాయలేను, తిన్నాక రాయబుద్ధి కాదు.

అన్నానికి మా ఇళ్ళలో సింహాసనం ఉంది. విస్తరి నడుమ అది కూర్చుంటే పప్పు, కూర, పులుసు చుట్టూ కొలువు తీరతాయి. నీకు సింహాసనం లేదు. నువ్వు అన్నం వండని వేళల దానివి. శనివారం రాత్రి అన్నం ముట్టని నాన్నగారికి నువ్వు. బడి నుంచి వచ్చి సంచీ గిరాటేసి "ఆకలి" అని అరిచే పిల్లకి నువ్వు. చివరి పాసింజరు దిగి వచ్చి, "అబ్బే, ఏమీ వద్దండీ, తినే బయల్దేరాం" అని మొహమాటానికి అబద్ధమాడే చుట్టాలకి నువ్వు. జ్వరం తగ్గి నోరు చేదెక్కినవాడికీ, చేపల చెరువు గట్టు మీద రాత్రి కాపలాకి పోయేవాడికీ నువ్వే. అన్నానికి ఎసరు పెట్టాలి, అది మరగాలి, బియ్యం ఉడకాలి, గంజి వార్చాలి. నీకు రెండు నిమిషాలు చాలు. దోసెకి హోటళ్ళున్నాయి, పాలరాతి బల్లలున్నాయి, పేర్ల పట్టీలున్నాయి. నీకున్నది ఇల్లొక్కటే.

*

మాది కొల్లేటి ఒడ్డు. కైకలూరు పక్కన ఆటపాకలో గూడకొంగలు చెట్ల మీద వాలి, సంచి ముక్కులు గుండెలకానించుకుని, ఎవరో వడ్డిస్తారని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంటాయి. వాటి వెనక, కనుచూపు మేర పరుచుకున్న నీటిని చూసినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తావు.

ఏనాడో అటునుంచి గోదావరి, ఇటునుంచి కృష్ణ ఒండ్రు పిండి పోసుకుంటూ, చెరో అట్టూ పరుచుకుంటూ సముద్రం మీదికి జరిగాయి. ఆ రెండట్లూ కలవని చోట మిగిలిన పల్లమే కొల్లేరు. ఐదో కాంటూరు దాకా లెక్క కడితే 308 చదరపు కిలోమీటర్లు. వెడల్పు చూస్తే సముద్రం, లోతు చూస్తే చాలాచోట్ల మనిషి నిలబడగలిగినంతే. తాటి దోనెలో గడ వేసుకుంటూ పోయేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. గడ ఇట్టే నేల తాకుతుంది. బుడమేరు వచ్చినా, తమ్మిలేరు వచ్చినా, రామిలేరు, గుండేరు వచ్చినా ఈ నీళ్ళు "ఇక చోటు లేదు" అనవు. 2024 సెప్టెంబరులో బెజవాడని ముంచిన బుడమేరు ఆ ఊపు మీద వచ్చి చేరింది ఇక్కడికే. వచ్చినవాటినన్నిటినీ కొన్నాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా ఉప్పుటేరు దారిన సముద్రానికి సాగనంపుతుంది కొల్లేరు.

లోతున్న బిందె దాచుకుంటుంది. లోతు లేని పళ్ళెం పంచిపెడుతుంది. నువ్వూ పళ్ళానివే, అట్టూ. నీ మీద ఏం పెట్టినా కాదనవు. కారప్పొడి చల్లితే కారమవుతావు, బెల్లప్పాకం పోస్తే తీపవుతావు, ఉల్లిపాయలు జల్లితే ఉల్లిపాయల అట్టువి, జీలకర్ర వేస్తే జీలకర్ర అట్టువి. లోకంలో పళ్ళేలన్నీ కడిగి బోర్లించేవే. తినేసే పళ్ళెం నువ్వొక్కదానివే.

*

నీ పుట్టుక రోట్లో అనుకుంటారు. కాదు, చేలో.

ఇక్కడి మాగాణుల్లో సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, దుబ్బుల మధ్య తడి మట్టిలోకి మినుములు చల్లుతారు. దుక్కి లేదు, దున్నకం లేదు. కోత కోసేవాళ్ళ పాదాల కిందే గింజ నానుతుంది. వరి పనలు లేచి కుప్పకెళ్ళేసరికి మోళ్ళ మధ్య పచ్చటి రెండాకులు. నేలలో మిగిలిన చెమ్మ, తెల్లారగట్ల కురిసే మంచు, అవే దానికి తడులు. అందుకే బియ్యమూ మినుమూ రోట్లో కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొత్తగా పరిచయం చేసుకోవు. ఒకే చేలో, ఒకరు పడుకుంటుంటే ఒకరు లేచినవాళ్ళు అవి.

ఆ చేలకి నీళ్ళిచ్చిన కాలవలకీ ఒక దణ్ణం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలవ ఏలూరు దాకా నడిచొచ్చింది, బెజవాడ నుంచి కృష్ణ కాలవ ఎదురొచ్చింది. ఏలూరు ఈ రెండు నీళ్ళ వియ్యం జరిగిన ఊరు. ఆ నీళ్ళకి తగిన వంగడాలు వెతకడానికి మార్టేరులో 1925లో వరి పరిశోధనా స్థానం పెట్టారు. అక్కణ్ణుంచి 1982లో బయటికొచ్చిన స్వర్ణని రైతులు ఆ పేరుతో పిలవరు. "డెబ్భై ఇరవై తొమ్మిది" అంటారు, ఇంటి నంబరు చెప్పినట్టు. అక్కడే పుట్టిన మరో రకానికి "కాటన్ దొర సన్నాలు" అని పేరు పెట్టుకున్నారు. ఆనకట్ట కట్టిన దొర అన్నం మెతుకులో మిగిలాడు.

నీకు మాత్రం పేరున్న బియ్యమే కావాలన్న పట్టు లేదు. పెళ్ళి పంక్తికి సన్నబియ్యం కావాలి, పులిహోరకి పొడిపొడిలాడే పాత బియ్యం కావాలి. నీకు దొడ్డు బియ్యమైనా మేలే, కోటా బియ్యమైనా మేలే. ఇంట్లో ఉన్న గింజల్లో ఎవరూ అన్నానికి ఇష్టపడని గింజని పిలిచి, నానబెట్టి, నువ్వు గౌరవిస్తావు.

ఒక పాలు మినప్పప్పు, రెండు పాళ్ళు బియ్యం, చిటికెడు మెంతులు. మా అమ్మమ్మ రుబ్బురోలు ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే ఎడమ చెయ్యి పిండి తోసేది, కుడి చెయ్యి పొత్రం తిప్పేది. గురగుర, గురగుర. కబుర్లు ఆగేవి కావు, పొత్రం ఆగేది కాదు. మినప్పిండి నలిగిందో లేదో చూడ్డానికి చిటికెడు తీసి గిన్నెలో నీళ్ళలో వేసేది. తేలితే నలిగినట్టు, మునిగితే ఇంకో నాలుగు తిప్పులు. ఇప్పుడు గ్రైండరు తిరుగుతుంది, కబుర్లు ఫోనులో నడుస్తాయి. నీళ్ళలో చిటికెడు వేసి చూడ్డం మాత్రం మా అమ్మ మానలేదు.

రాత్రంతా నువ్వు చీకట్లో పనిచేస్తావు. మినుము మీదా, బియ్యం మీదా, రుబ్బిన చేతి మీదా ఉన్న కంటికి కనపడని ప్రాణులు పిండిలో దిగి, తిని, ఊపిరి వదులుతాయి. మినుము జిగురు ఆ ఊపిరిని పోనివ్వదు, బుడగలుగా బిగించి పట్టుకుంటుంది. తెల్లారేసరికి గిన్నె మూత కాస్త పైకి లేచి ఉంటుంది. మా ఇంట్లో పొద్దున మొదటి మాట "కాఫీ అయిందా" కాదు, "పిండి పొంగిందా". రోహిణీ కార్తెలో పొంగి పొర్లి గూట్లోంచి కారుతుంది, ధనుర్మాసంలో ముసుగు తన్ని పడుకుంటుంది. పిండికీ మనుషులకీ ఒకటే ఒళ్ళు.

మూడు రోజులు మూడు జన్మలు నీకు. మొదటి రోజు తియ్యటి పిండి, మందంగా, మూత పెట్టి కాలిస్తే దూదిలా ఉంటావు. రెండో రోజు కాస్త పులుపెక్కి, పల్చగా, అంచులు ఎర్రగా కరకరలాడుతూ వస్తావు. మూడో రోజు బాగా పులిశాక ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, అల్లం తగిలించుకుని సరికొత్త బట్టలేసుకున్నట్టు దిగుతావు. అప్పటికీ మిగిలితే పునుగులైపోయి నూనెలో ఈదుతావు. మా వంటింట్లో చెత్తబుట్టకి నీ మొహం తెలియదు.

*

పిండి రుబ్బని రోజున కూడా నువ్వు రాకుండా ఉండవు. అదీ నీ మహిమ.

డబ్బాలో గోధుమపిండి ఉందా? కాస్త బియ్యప్పిండి కలిపి, మజ్జిగ పోసి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి గరిటెజారుగా కలిపితే గోధుమట్టువి. అందులోనే ఉల్లిపాయకి బదులు బెల్లం కరిగించి, యాలక్కాయ నలిపి వేస్తే పిల్లలు ఎగబడే తీపట్టువి. బొంబాయి రవ్వ ఉందా? బియ్యప్పిండి, మజ్జిగ కలిపి నీళ్ళలా జారేలా చేసి, పైనుంచి చల్లినట్టు పోస్తే ఒళ్ళంతా కళ్ళున్న రవ్వట్టువి. పెసలు పొద్దున నానేస్తే సాయంత్రానికి పెసరట్టువి. నీకు పులవడంతో పనిలేదు, అల్లమూ పచ్చిమిర్చీ చాలు. మజ్జిగ పుల్లబడి ఎవరూ తాగకపోతే, బియ్యం అందులో నానబెట్టి రుబ్బితే పుల్లట్టువి. ఏమీ లేదు, రెండు గుడ్లున్నాయా? గిలక్కొట్టి పోస్తే గుడ్డట్టువి. నీ వంశంలో పెద్దముత్తయిదువ దిబ్బరొట్టె. మినప్పిండి, బియ్యపు రవ్వ, ఇనప మూకుడు, సన్నటి సెగ, ఓపిక. ఆమెకి తొందర నచ్చదు. నువ్వు ఆమె మనవరాలివి, జడ వేసుకుంటూనే గుమ్మం దాటే రకం.

పనిముట్లు కూడా ఎక్కువ అడగవు. ఒక పెనం, ఒక గరిటె, ఒక అట్లకాడ. మా చిన్నప్పుడు అట్లకాడకి రెండు ఉద్యోగాలు. నిన్ను తిరగెయ్యడం, "కాల్చి వాత పెడతా" అంటూ మమ్మల్ని బెదిరించడం. రెండో ఉద్యోగం ఒక్కనాడూ అమలు కాలేదు. పెనానికి నూనె రాయడానికి బ్రష్షులెందుకు? తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీల్లో దిగే బస్తాల్లోంచి ఒక్క గడ్డ మా ఇంటికి చేరితే చాలు. సగం నీ పైన చల్లడానికి, సగం నీ కింద రాయడానికి. అది లేకపోతే వంకాయ తొడిమ ఉంది.

ఇక నీ సహవాసాలు! పెసరట్టుకి అల్లప్పచ్చడి, లోపల ఉప్మా. మినపట్టుకి కొబ్బరి పచ్చడి. దిబ్బరొట్టెకి చెరకు పానకం, లేదా కొత్తావకాయ. కందిపొడి మీద నెయ్యి. మీగడ మీద పంచదార. ఇవన్నీ ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. కొల్లేటి ఇళ్ళలో మాత్రం ఇంకొకటుంది.

ఇక్కడ చేపల పులుసు రెండుసార్లు పుడుతుంది. ఒకసారి వండిన రాత్రి, వేడన్నంతో. రెండోసారి మర్నాడు పొద్దున, నీతో. రాత్రంతా మట్టి దాకలో చింతపండు పులుపూ, మెంతిపొడి చేదూ, కొర్రమీను రుచీ ఒకదాన్నొకటి ఒప్పించుకుంటాయి. బొచ్చె అయినా, శీలావతి అయినా, జెల్ల అయినా సరే, తెల్లారేసరికి పులుసు చిక్కబడి, పైన నూనె ఎర్రగా తేరి, నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని వేడి చెయ్యకూడదు. చల్లటి పులుసు, పెనం మీంచి దిగిన వేడి అట్టు. అంచు తుంచి, ముంచి, నోట్లో పెట్టుకుంటే నీ చిల్లులన్నీ పులుసు తాగి ఉంటాయి. ఆ చిల్లులు ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. లోపలి ఆవిరి బయటికి పోయిన దారులే అవి. అదే దారిన పులుసు లోపలికొస్తుంది.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులోని చెరువుల గట్లు తెంచిన పొద్దునా, ఆ తర్వాత గట్లు మళ్ళీ లేచిన పొద్దునా, వరదొచ్చి లంక ఊళ్ళ దారులు మునిగిన పొద్దునా, పిల్లల ఆకలికి ఆ గొడవ పట్టదు. ఎక్కడో ఒక ఎత్తు మీద పొయ్యి వెలగాలి, పెనం కాలాలి, చుయ్‌మనాలి.

*

అట్టూ, నీకొక పండగ కూడా ఉందని నీకు తెలుసా? లడ్డూకి లేదు, బిర్యానీకి లేదు, నీకుంది. ఆశ్వయుజ బహుళ తదియ, అట్లతద్ది. ముందు రోజు గోరింటాకు. తెల్లారకముందే చుక్కలుండగా లేచి, గోంగూర పచ్చడితో, పెరుగుతో చద్దన్నం తిని, పిల్లలంతా వీధినపడి ఆటలు. చెట్టు చెట్టుకీ ఉయ్యాల. ఆ తర్వాత పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉండేవాళ్ళు ఉంటారు. సాయంత్రం గౌరమ్మ ముందు నిన్ను దొంతరగా పేరుస్తారు. ఆలస్యంగా వచ్చే తదియ చంద్రుడి కోసం మెడలు నిక్కించి చూస్తారు. ముత్తయిదువకి పదకొండు అట్ల వాయనం. పైన ఆకాశంలో ఒకటి, కింద కొంగులో పదకొండు.

మా చెల్లి చిన్నప్పుడు అడిగింది: "అమ్మా, చంద్రుణ్ణి ఎవరు తిరగేస్తారు?" అమ్మ తడుముకోలేదు. "తిరగెయ్యరే. అందుకే అవతలి పక్క మనకి కనపడదు." చదువుకోని మా అమ్మ చెప్పిన ఖగోళశాస్త్రంలో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు.

*

ఆ చెల్లే ఇప్పుడు టెక్సాస్‌లో ఉంది, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. అక్కడి చలికాలంలో పిండి పొంగదు. ఓవెను వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి, ఆ వెచ్చదనంలో గిన్నె పెట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు తలుపు మెల్లగా మూస్తుంది. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చేరోజు దానికీ తీరిక ఉండదు. అప్పుడు అక్కడి నీ చుట్టాన్ని పిలుస్తుంది: టోర్టియా.

పొట్లం విప్పి, కాల్చని టోర్టియాని పెనం మీద వేస్తే బుడగలు లేచి పుల్కాలా పొంగుతుంది. అందులో బీరకాయ కూర పెట్టి చుట్టి పిల్లాడి డబ్బాలో సర్దుతుంది. గిలక్కొట్టిన గుడ్డు పెనం మీద పోసి, అది ఆరకముందే పైన టోర్టియా పరిచి, తిరగేసి, ఆవకాయ రాస్తుంది. నిన్నటి కోడికూర ఎముకలు తీసి, చీజు తురిమి, మడిచి కాలుస్తుంది. నెయ్యి రాసి, బెల్లం కోరు, కొబ్బరి కోరు చల్లి చుడితే పిల్లాడికి అదే పండగ. మిగిలినవాటిని ముక్కలు కోసి, వేయించి, ఉప్పూ కారం చల్లి చేగోడీల డబ్బాలో పోస్తుంది. మొదటిసారి వీడియోలో అది చూసి మా అమ్మ, "అదేంటే, వీసా దొరికిన చపాతీయా?" అంది.

నాకు మాత్రం దాని పుట్టుపూర్వోత్తరాలు చదివినకొద్దీ నీ జాతకమే కనపడింది. మెక్సికో ఆదివాసుల నహువాత్ల్ భాషలో దాని పేరు త్లష్కల్లి. తర్వాత వచ్చిన స్పెయిన్ వాళ్ళు దాన్ని తమ మాటలో చిన్న రొట్టె, టోర్టియా అన్నారు. స్పెయిన్‌లో ఇప్పుడు అదే మాటకి గుడ్డూ బంగాళాదుంపా కలిపి పోసే అట్టు అని అర్థం. రొట్టెకీ గుడ్డట్టుకీ ఒకే ఇంటిపేరు పెట్టినవాళ్ళం మనమొక్కళ్ళమే కాదన్నమాట. వాళ్ళ పెనం పేరు కొమాల్. వాళ్ళ నూరుడు రాయి మెటాటే. దాని ముందు మోకాళ్ళ మీద వంగిన ఆడవాళ్ళ బొమ్మ చూస్తే, రోలు ముందు కాళ్ళు బారజాపుకున్న మా అమ్మమ్మ పక్కనే కూర్చున్నట్టనిపించింది.

అసలు టోర్టియా మొక్కజొన్నది, గోధుమది తర్వాత ఉత్తరాన పుట్టింది. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా ఉంచి, పొద్దున కడిగి, పొట్టు జారిపోయాక నూరతారు. ఆ సున్నం వల్లే గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిను ఒంటికి పడుతుంది. యూరపు మొక్కజొన్నని పట్టుకెళ్ళింది గానీ సున్నం సంగతి వదిలేసింది. దాని మీదే బతికిన పేదవాళ్ళకి పెల్లగ్రా జబ్బొచ్చి ఒళ్ళు పగిలింది. పిండి తీసుకెళ్ళినవాళ్ళు అమ్మమ్మని కూడా అడిగి ఉండాల్సింది. మా అమ్మమ్మకి సున్నం తెలుసు, తమలపాకుకి రాయడానికి. చింతలపూడి, కామవరపుకోట మెట్ట పొలాల్లో ఎకరాలకెకరాలు మొక్కజొన్న పండుతుంది. మనం దాన్ని కంకిగా కాల్చి, ఉప్పూ కారంలో ముంచిన నిమ్మచెక్క రాసుకుని తినడం దగ్గరే ఆగాం. అది కూడా అట్టై ఉండేదని అమ్మతో అన్నాను. "సున్నప్పిడత నీ చేతికివ్వకూడదు" అంది.

*

అట్టూ, ఇంతసేపూ నిన్ను పొగిడాను. ఒక్క లెక్క మిగిలింది.

అన్నం అందరికీ ఒకేసారి వడ్డించవచ్చు. నిన్ను అలా కుదరదు. పెనం ఒక్కటి, నువ్వొక్కదానివి, కూర్చున్నవాళ్ళు ఐదుగురు. "నాకు!" "కాదు, నాకు!" "వాడికి రెండేశావు!" పేచీలన్నీ ఆ వేడి పళ్ళేల ముందే. నువ్వు ఎవరి పళ్ళెంలో పడితే వాడు ఆ రెండు నిమిషాలూ రాజు. వరస తిరిగి మళ్ళీ వాడి దాకా వచ్చేసరికి వాడు మొదటిది మర్చిపోయి ఉంటాడు. ఇలా ఒక్కొక్కరినీ ఒక్కొక్క సారి రాజుని చేసే మనిషి పొయ్యి దగ్గర నిలబడే ఉంటుంది.

ఆ మనిషి పాలివి రెండట్లు. ఒకటి మొదటిది. పెనం ఇంకా దారికి రాదు, పిండి అంటుకుంటుంది, అట్లకాడ పెడితే చిరిగి, సగం మాడి, సగం పచ్చిగా వస్తుంది. ఎవరి పళ్ళెంలోనూ వెయ్యదగ్గది కాదు. అది పక్కన గిన్నెలోకి పోతుంది. రెండోది ఆఖరిది. గిన్నె అడుగున మిగిలిన పిండిలో కాసిని నీళ్ళు పోసి, వేళ్ళతో తుడిచి, కడిగి పోసిన అట్టు. అరచెయ్యంత ఉంటుంది, కాగితంలా ఉంటుంది. పచ్చడి గిన్నె కూడా అప్పటికి గోకుడే. ఆ రెండూ నిలబడే తినేసి, పెనం దించి, గట్టు తుడిచేది అమ్మ. "కూర్చోవచ్చు కదా" అంటే, "నాకిలాంటివే ఇష్టంరా, కరకరలాడతాయి" అనేది.

మొదటిదీ ఆమెదే, చివరిదీ ఆమెదే. నడిమివన్నీ మావి. గుండ్రంగా, బంగారు రంగులో, అంచులు లేచి, పెనానికీ పిండికీ సరిగ్గా సయోధ్య కుదిరిన వేళ దిగిన అట్లన్నీ మావి. ఈ లెక్క నాకు నలభై దాటాక, స్వయంగా గరిటె పట్టుకున్నాక గానీ తేలలేదు.

మన సామెత ఒకటుంది, అట్టు పెట్టినమ్మకి అట్టున్నర అని. పగ తీర్చుకోవడానికి వాడతారు దాన్ని, నువ్వొకటంటే నేను రెండంటాను అన్నట్టు. ఆ మాటని దాని అసలు అర్థంలో ఎవరైనా ఒక్కసారైనా వాడారా అని నాకు అనుమానం.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మని పీట వేసి కూర్చోబెట్టాను. మోకాళ్ళ నొప్పులని కుర్చీ అడిగింది, కుర్చీ వేశాను. పెనం పెట్టాను. మొదటి అట్టు చిరిగింది. అమ్మ చెయ్యి చాపింది. ఇవ్వలేదు. రెండోది వంకర తిరిగింది. ఇవ్వలేదు. మూడోది పోశాను. గరిటె లోపల్నుంచి బయటికి, చుట్టు మీద చుట్టు. చుయ్! అంచులు వాటంతటవే లేచాయి. నడుమ చిల్లులు విచ్చుకున్నాయి. అట్లకాడ పెడితే ఏ పేచీ లేకుండా వచ్చింది. నిన్నటి చేపల పులుసు పక్కన పోసి, పళ్ళెం ఆమె చేతిలో పెట్టాను. గిన్నెలో పిండి సగానికి ఉంది. నడిమి అట్టు.

అమ్మ దాన్ని కాసేపు చూసింది. సగానికి చింపింది. ఒక సగం నా పళ్ళెంలో వేసింది. రెండో సగం పులుసులో ముంచి తిని, "మెంతులెక్కువయ్యాయి" అంది.

తర్వాత లేచి, గట్టు మీది గిన్నెలోంచి ఆ చిరిగిన మొదటి అట్టు తీసుకుంది. కొరికితే కరకరలాడింది.

నిజంగానే ఇష్టమో, అలవాటో, ఇన్నేళ్ళ అబద్ధం ముదిరి నిజమైపోయిందో అడగలేదు. నేను అమ్మకి అట్టు పెడితే, అందులో సగం అప్పుడే తిరిగొచ్చేసింది. ఇంకా అట్టు బాకీ ఉన్నాను. గరిటె మళ్ళీ పిండిలో ముంచాను.

చుయ్!